రోయింగ్ మెషిన్ కొనాలా, సైకిల్ కొనాలా? ముందు ఇంట్లో పీట వేసి చూడండి

మా కింది అంతస్తులో ఉండే దంపతులు పోయిన నెల మా ఇంటికి వచ్చి ఫోనులో రెండు బొమ్మలు చూపించారు. ఒకటి రోయింగ్ మెషిన్, అంటే జారే పలక మీద కూర్చుని పడవ తెడ్డు వేసినట్టు లాగే యంత్రం. రెండోది ఉన్నచోటే ఉండి తొక్కే వ్యాయామ సైకిల్. "ఇందులో ఏది కొనమంటారు మేడమ్?" అని అడిగారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. రాజమహేంద్రవరంలోని మా ఇంట్లో ఆ యంత్రాలు రెండూ ఉన్నాయి. అయినా అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. ఒక సుద్దముక్క, కొలత టేపు, మా ఇంట్లోని ఎత్తుపీట తీసుకుని వాళ్ల వెంట కిందికి వెళ్లాను.

అడిగేవాళ్లందరూ మొదట అడిగేది ఒకటే: దేనితో ఎక్కువ బరువు తగ్గుతాం? ఈ ప్రశ్నను పక్కన పెట్టండి. రెండింటి మీదా ఒకే మోతాదులో ఆయాసపడితే ఖర్చయ్యే కేలరీలలో పెద్ద తేడా ఉండదు. ఏడాది తర్వాత కూడా మీరు ఏ యంత్రం మీద కూర్చుంటారన్నదే తేడా తెస్తుంది. అది మీ మోకాళ్లు, మీ నడుము, మీ హాలు తేల్చే సంగతి. దుకాణానికి వెళ్లకముందే దాన్ని ఇంట్లో పరీక్షించుకోవచ్చు.

మొదట సుద్దముక్క. మంచి రోయింగ్ మెషిన్ పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు రెండు అడుగులు. అంటే మనం పడుకునే మంచం కంటే పొడవు. వెనక్కి వాలినప్పుడు తల గోడకు తగలకుండా మరో అడుగు, మోచేతులు ఆడడానికి అటూ ఇటూ మరికొంత కావాలి. సైకిల్‌కు నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు సరిపోతుంది. కబడ్డీ కోర్టుకు ముగ్గుపిండితో గీతలు వేయించినట్టే, హాలులో ఈ రెండు దీర్ఘచతురస్రాలనూ నేల మీద గీయించాను. వారం రోజులు చెరపవద్దని చెప్పాను. ఆ గీతల లోపల ఏమీ పెట్టకూడదు, దాని మీదుగా నడవకూడదు. వాళ్ల హాలులో ఎనిమిది అడుగుల గీత సరిగ్గా ఫ్రిజ్‌కూ పూజగదికీ మధ్య దారిలో పడింది. మూడో రోజుకే ఆవిడకు విషయం అర్థమైంది.

"మడిచి నిలబెట్టే రకాలు ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి. రెండు ముక్కలుగా విడదీసేవీ ఉన్నాయి. కానీ ఉదయం నిద్ర కళ్లతో లేచి, పాతిక కిలోలకు పైబడిన యంత్రాన్ని గోడ దగ్గర నుంచి దించి, బిగించి, వ్యాయామం అయ్యాక మళ్లీ విప్పి నిలబెట్టడం ఎన్నాళ్లు సాగుతుందో నిజాయితీగా ఆలోచించుకోండి. నా అనుభవంలో, తెరిచి ఉంచడానికి చోటు లేని ఇంట్లో రోయింగ్ మెషిన్ రెండు నెలలకు మించి నడవదు. బాల్కనీలో పెట్టుకుందామనే ఆలోచన కూడా వద్దు. గోదావరి గాలి తేమకు గొలుసు తుప్పు పడుతుంది, ఎండకు రబ్బరు పెళుసెక్కుతుంది, వానజల్లు మిగతా పని పూర్తి చేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో సముద్రపు ఉప్పుగాలి ఇంకా చెడ్డది.

తర్వాతిది పీట. రోయింగ్ మెషిన్ మీద కూర్చునే పలక నేలకు దాదాపు 14 అంగుళాల ఎత్తులో, అంటే జానెడున్నర ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తున్న పీట వేసుకుని కూర్చోండి. చేతులు మోకాళ్ల మీద ఆనించకుండా, గోడ పట్టుకోకుండా లేవండి. అలా అయిదుసార్లు. లేవలేకపోతే, లేచేటప్పుడు మోకాలిలో సూది గుచ్చినట్టు ఉంటే, ఆ ఎత్తు యంత్రం మీకు కాదు. 20 అంగుళాల ఎత్తు రకం కూడా దొరుకుతుంది, కూర్చోవడం లేవడం దానితో సులువవుతుంది. కానీ ముందుకు జరిగినప్పుడు మోకాలు మడతపడడం మాత్రం అందులోనూ తప్పదు. అందుకే పీట మీద కూర్చునే మరో పని చేయండి. పాదాలను పైకెత్తి దగ్గరికి లాక్కుని, మోకాళ్లను ఛాతీ వైపుకు మడవండి. తొడలు పొట్టకు తగిలి ఊపిరి అందకపోతే, కొంత బరువు తగ్గేదాకా సైకిలే మేలు. మా కింది అంతస్తు ఆయన బరువు తొంభై నాలుగు కిలోలు. పీట మీద నుంచి యువకుడిలా లేచారు గానీ, మోకాళ్లు మడిచేసరికి పొట్ట అడ్డొచ్చింది.

మూడోది, నేను అన్నిటికంటే ముఖ్యమని నమ్మేది, కర్ర పరీక్ష. ఇల్లు తుడిచే మాప్ కర్రను వెన్ను వెంబడి నిలువుగా పట్టుకోండి. అది తల వెనక, రెండు భుజాల రెక్కల మధ్య, నడుము కింద తోకెముక దగ్గర మూడు చోట్లా తగలాలి. పీట మీద కూర్చుని, ఆ మూడు చోట్లా కర్ర తగులుతూనే ఉండేలా తుంటి దగ్గర నుంచి ముందుకు వంగండి. కొంచెం వంగినా చాలు. కర్ర ఏదో ఒక చోట వెన్నును వదిలేసిందంటే, మీరు తుంటి దగ్గర కాకుండా నడుము మధ్యలో వంగుతున్నారన్నమాట. ఆ అలవాటుతో రోయింగ్ మెషిన్ ఎక్కితే నిమిషానికి ఇరవైసార్లు చొప్పున వెన్నుపూసల మధ్య మెత్తటి పలకలను నొక్కుతారు. నేలమీద బాసిపట్టు వేసుకుని భోంచేసే అలవాటున్నవాళ్లు ఈ పరీక్ష సులువుగా దాటడం చూశాను. రోజంతా కంప్యూటర్ ముందు కుర్చీలో ఉండే పిల్లలు, నిండా పాతికేళ్లు లేనివాళ్లు కూడా, కర్రను నిలుపుకోలేకపోతున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. అలాంటివాళ్లు రెండు వారాలు రోజూ పదేసిసార్లు ఈ కర్ర సాధనే చేస్తే చాలావరకు చక్కబడతారు. అప్పటిదాకా రోయింగ్ మెషిన్ జోలికి పోవద్దు. డిస్కు జారినట్టు తేలినవాళ్లు, గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లు, నడుస్తుంటే ఛాతీలో పట్టినట్టు అనిపించేవాళ్లు వైద్యుణ్ని అడగకుండా రెండింటిలో ఏదీ మొదలుపెట్టకూడదు.

మూడు పరీక్షలూ నెగ్గారా? అయితే, చోటూ డబ్బూ ఉంటే, నేను రోయింగ్ మెషినే కొనమంటాను. కారణం ఇది. సైకిల్ తొక్కితే తొడలు, పిక్కలు, పిరుదులు పనిచేస్తాయి, పైభాగం ఊరికే కూర్చుంటుంది. రోయింగ్‌లో కాళ్లతో పాటు వీపు, భుజాల వెనక భాగం, ముంజేతులు కూడా పనిలో పడతాయి. రోజంతా ముందుకు వంగి బతికే మనకు వీపు కండరాల పని చాలా అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతో పాటు, రెండు రోజులైనా కండరాలకు బలాన్నిచ్చే పని చేయమంటుంది. సైకిల్ కొన్నవాళ్లు ఆ రెండో భాగం కోసం దండీలు, గుంజీళ్లు విడిగా చేసుకోవాలి. దండీలు నేల మీద చేయలేనివాళ్లు గోడకు చేతులు ఆనించి చేయవచ్చు. ఇంకొక మాట, ముఖ్యంగా యాభై దాటిన ఆడవాళ్లకు: ఈ రెండు యంత్రాలూ కూర్చుని చేసేవే. శరీరం బరువు ఎముకల మీద పడదు. ఎముకల గట్టిదనానికి నడక, మెట్లు ఎక్కడం మానకూడదు.

రోయింగ్ మెషిన్ కొనేవాళ్లు దాని లోపల బరువు, అంటే లాగేటప్పుడు ఎదురయ్యే బిగువు, ఎలా పుడుతుందో తెలుసుకోవాలి. నాలుగు రకాలు. గాలి రకంలో ఒక చక్రానికి రెక్కలు ఉంటాయి, మీరు ఎంత గట్టిగా తోస్తే గాలి అంత గట్టిగా ఎదురు నిలుస్తుంది. నీటి రకంలో తొట్టిలో రెక్కలు తిరుగుతాయి, దాని శబ్దం వినసొంపుగా ఉంటుంది. అయస్కాంతం రకం నిశ్శబ్దంగా ఉంటుంది. నాలుగోది, అన్నిటికంటే చవకైనది, నూనె గొట్టాల రకం. నేను మొదట కొన్నది ఇదే. పది నిమిషాలు లాగేసరికి గొట్టాలు వేడెక్కి, లోపలి నూనె పలచబడి, బరువు దానంతట అదే తగ్గిపోయేది. నాలుగు నెలలకు ఒక గొట్టం నుంచి నూనె కారి గచ్చు మీద మరక పడింది. అమ్మిన దుకాణం వాళ్లు మార్చి ఇవ్వలేదు. చేతులు ఒక చాపంలో తిరగవలసి వచ్చే ఆ రకం మీద సరైన పద్ధతి కూడా అలవడదు. దయచేసి అది మాత్రం కొనవద్దు. గాలి రకంలో పేరున్న విదేశీ యంత్రం ధర లక్ష రూపాయలు దాటుతుంది. మా అబ్బాయి బెంగళూరులో ఇల్లు మారుతున్న ఒక స్నేహితుడి దగ్గర సగం ధరకు తెచ్చాడు. ఇలాంటివి పాతవి కొనడంలో తప్పు లేదు. కూర్చునే పలక పట్టా మీద ఎక్కడా పట్టుకోకుండా జారాలి, గొలుసు వదలగానే చక్కగా వెనక్కి వెళ్లాలి, గొలుసు లంకెలు బిగుసుకుపోయి ఉండకూడదు. ఈ మూడూ చూసుకుంటే చాలు.

ఆ గాలి రకం యంత్రం పుట్టుక నాకు చాలా ఇష్టమైన కథ. 1981లో అమెరికాలోని వెర్మాంట్‌లో డిక్, పీట్ డ్రైసిగాకర్ అనే అన్నదమ్ములు సైకిల్ చక్రంతోనే తమ మొదటి రోయింగ్ మెషిన్ తయారుచేశారు. పడవ పందేల తెడ్లు చేసే వాళ్లు, చలికాలంలో సాధన కోసం చేసుకున్న యంత్రమది. ఈనాడు కాన్సెప్ట్2 పేరుతో ప్రపంచమంతా అమ్ముడవుతున్నది దాని వారసురాలే. అంటే ఈ రెండు యంత్రాలూ దగ్గరి చుట్టాలు.

ఇప్పుడు పద్ధతి. రోయింగ్ చూసినవాళ్లు అది చేతులతో లాగే పని అనుకుంటారు, బావిలో చేద తోడినట్టు. కాదు. నిండు బిందెను నేల మీద నుంచి ఎత్తడం గుర్తు చేసుకోండి. చేతులు బిందెను పట్టుకుంటాయంతే, లేపేవి కాళ్లు. ఇక్కడా అంతే. పాదం పట్టీని బొటనవేలి మొదలు దగ్గర, పాదం వెడల్పుగా ఉండే చోట బిగించండి. ముందుకు జరిగి, మోకాళ్లు మడిచి, చేతులు తిన్నగా చాచి పిడిని పట్టుకోండి. పట్టు వేళ్లతో చాలు, పిడికిలి బిగించనక్కరలేదు. మొదట కాళ్లతో తోయండి. ఆ సమయంలో చేతులు తాళ్లలా చాచి ఉండాలి. కాళ్లు దాదాపు చాచుకున్నాక తుంటి దగ్గర నుంచి వీపును కొద్దిగా వెనక్కి వాల్చండి. చివరికి పిడిని పక్కటెముకల దిగువకు తెచ్చుకోండి. తిరిగి వెళ్లేటప్పుడు సరిగ్గా దీనికి ఉల్టా: చేతులు చాచాలి, తుంటి దగ్గర నుంచి ముందుకు వంగాలి, పిడి మోకాళ్లను దాటిన తర్వాతే మోకాళ్లు మడవాలి. బడిలో డ్రిల్లు చేయించినట్టు పైకే చెప్పుకోండి: "కాళ్లు, నడుము, చేతులు. చేతులు, నడుము, కాళ్లు." తోసేటప్పుడు ఒకటి లెక్కపెడితే, తిరిగి ముందుకు జరగడానికి రెండు లెక్కపెట్టండి. కొత్తవాళ్లందరూ అలా తిరిగి ముందుకు జరిగేటప్పుడే తొందరపడతారు. విశ్రాంతి దొరికేది ఆ రెండు లెక్కల్లోనే, దాన్ని వదులుకోవద్దు. నిమిషానికి 18 నుంచి 24 తోపులు చాలు.

గాలి చక్రం పక్కన ఒకటి నుంచి పది దాకా అంకెలున్న మీట ఉంటుంది. మగపిల్లలు ఎవరు వచ్చినా నేరుగా పదికి తిప్పుతారు. అది బలానికి కొలత కాదు, చక్రంలోకి ఎంత గాలి పోవాలో నిర్ణయించే తలుపు మాత్రమే. మూడు నుంచి అయిదు మధ్య ఉంచండి. పది మీద పెట్టి లాగినవాళ్లు నడుం నొప్పితో వారంలో మానేయడం రెండుసార్లు మా ఇంట్లోనే చూశాను. మొదటి వారం అయిదు నిమిషాలు, కాసేపు లేచి నడిచి, మళ్లీ అయిదు నిమిషాలు. రోజు విడిచి రోజు. అరచేతులు బొబ్బలెక్కితే సూదితో పొడవవద్దు, రెండు రోజులు ఆగండి.

పరీక్షల్లో ఒకటి తప్పినా సైకిల్ తీసుకోండి. ఇందులో లోటేమీ లేదు. మోకాలు అరిగినవాళ్లకు సైకిల్ నిజంగా మేలు చేస్తుంది, సీటు ఎత్తు సరిగా ఉంటే. ఈ షరతు ఎందుకు చెబుతున్నానంటే, చిన్నప్పుడు ఖోఖోలో దెబ్బతిన్న నా ఎడమ మోకాలికి మంచిదని నలభై తొమ్మిదో ఏట సైకిల్ కొన్నాను. కాళ్లు రెండూ నేలకు ఆనేలా సీటు బాగా కిందికి దించుకుని, నెల రోజులు తొక్కాను. మోకాలు వాచిపోయింది. వీధిలో తొక్కే సైకిల్‌కు కాలు నేలకు ఆనాలి గానీ, ఇది ఎక్కడికీ పోదు కదా. సరైన పద్ధతి ఇది: సీటు మీద కూర్చుని, పెడల్ అట్టడుగున ఉండగా మడమను దాని మీద పెట్టండి. మోకాలు పూర్తిగా చాచుకోవాలి. తర్వాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలిలో చిన్న వంపు మాత్రమే మిగులుతుంది. ఆ ఎత్తులో తొక్కేటప్పుడు తుంటి అటూ ఇటూ ఊగుతుంటే సీటును అర అంగుళం దించండి. మోకాలి ముందు నొప్పి వస్తే చాలాసార్లు సీటు కిందికి ఉందని, వెనక నొప్పి వస్తే పైకి ఉందని గుర్తు.

సైకిళ్లలో మామూలుగా నిటారుగా కూర్చునేది చాలామందికి సరిపోతుంది. వీపుకు ఆనుడు ఉండి కాళ్లు ముందుకు చాచి తొక్కే రకం డెబ్బై దాటినవాళ్లకు, తూలు వచ్చేవాళ్లకు. మూడోది, బరువైన చక్రంతో ముందుకు వంగి తొక్కే స్పిన్ బైక్. వాటిలో చాలావరకు చక్రం తిరుగుతున్నంతసేపు పెడళ్లూ తిరుగుతూనే ఉంటాయి. కాలు ఆపేద్దామని చూస్తే అదే కాలిని లాగేస్తుంది. బరువు మీటను కిందికి నొక్కితే ఆగుతుంది, ఎక్కిన రోజే అది నేర్చుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో అది వద్దు. వాళ్ల వేళ్లు చక్రం దగ్గరికి పోతాయి. బెల్టుతో నడిచే, అయస్కాంతం బరువున్న సైకిల్ నిశ్శబ్దంగా ఉంటుంది. ఉన్ని దిమ్మ చక్రానికి రాసుకునే రకం చవక, కానీ దిమ్మ అరుగుతుంది. కొనేముందు పెడల్‌ను చేత్తో పక్కలకు కదపండి. ఊగితే వదిలేయండి.

శబ్దం గురించి కింది అంతస్తువాళ్లనే అడిగాను. గాలి రకం రోయింగ్ మెషిన్ ప్రతి తోపుకూ పెద్దగాలి వీచినట్టు చప్పుడు చేస్తుంది. "ఉదయం అయిదున్నరకు మీ యంత్రం మాకు తెలుస్తుంది మేడమ్" అని మొహమాటపడుతూ చెప్పారు. అప్పటి నుంచి మందపాటి రబ్బరు పరుపు వేసి, ఆరున్నరకు మార్చుకున్నాను. నున్నటి టైల్స్ మీద యంత్రం జారకుండా కూడా ఆ పరుపు కావాలి. బట్టల విషయంలో జాగ్రత్త. వదులు చొక్కా అంచు, చున్నీ రోయింగ్ పలక చక్రాల కింద చిక్కుకుంటాయి. చీర కట్టుకుని రెండింటి మీదా వద్దు. జడ ముడి వేసుకోండి.

ఎంత గట్టిగా చేయాలి? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఓ మోస్తరు వ్యాయామానికి ఇంతకంటే తేలిక కొలత లేదు. మధుమేహానికి ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో మొదలుపెట్టవద్దు. చేతికి అందేలా చక్కెర పెట్టుకోండి. వాళ్లు ఉత్త కాళ్లతో తొక్కకూడదు, పాదాల మొద్దుబారుతనంలో గాయమైనా తెలియదు. రోహిణి కార్తె ఎండల్లో సూర్యోదయానికి ముందే ముగించండి. ఫ్యాను లేకుండా, తలుపులు మూసిన గదిలో చేయవద్దు. చెమట పడిన పట్టాను, పిడిని, సీటును ప్రతిసారీ తుడవండి. రోయింగ్ గొలుసుకు అప్పుడప్పుడు పలచని నూనె పూయాలి.

టీవీ చూస్తూ చేయాలనుకునేవాళ్లకు సైకిలే. రోయింగ్‌లో చేతులు ఖాళీగా ఉండవు, మనసు ఎటో వెళితే వరస తప్పుతుంది. నాకు మాత్రం ఆ ఇరవై నిమిషాలు మరేదీ చూడకపోవడమే ఇష్టం.

కింది అంతస్తు దంపతులు చివరికి బెల్టు సైకిల్ తెచ్చుకున్నారు. వారానికి రెండు రోజులు ఆయన మా ఇంటికి వచ్చి రోయింగ్ చేస్తారు. నేను పక్కన నిలబడి మాప్ కర్ర వీపుకు ఆనించి చూస్తాను. పొట్ట ఇంకా అడ్డొస్తోంది, అందుకని మోకాళ్లను సగం మడిచి మాత్రమే తోయిస్తున్నాను. సైకిల్ మీద మాత్రం ఇద్దరికీ సీటు ఎత్తులు వేరు. ఆయనకు ఏడో రంధ్రం, ఆవిడకు నాలుగు. మరిచిపోకుండా కాగితం మీద రాయించి, సైకిల్ ఎదుటి గోడ మీద స్విచ్ బోర్డు కింద అంటించాను.